ఆరు వేలలో ఆర్కేడ్ స్టిక్: కిట్ కొనండి, దాని బోర్డు మాత్రం వాడకండి

ప్రశ్న: మాది హనుమకొండ. పీసీలో టెక్కెన్ 8, స్ట్రీట్ ఫైటర్ 6 ఫైటింగ్ గేములు ప్యాడ్‌తో ఆడుతుంటాను. వీడియో గేమ్ పార్లర్లలోలా లీవరు, బటన్లు ఉండే ఆర్కేడ్ స్టిక్‌కి మారాలని ఉంది. బడ్జెట్ ఆరు వేలు, మరీ అయితే ఏడు. ఆన్‌లైన్‌లో లీవరు, పది బటన్లు, ‘జీరో డిలే’ బోర్డు కలిపి రెండున్నర వేల లోపు కిట్లు కనబడుతున్నాయి. అవి పనికొస్తాయా? లేక ఇంకొన్ని నెలలు డబ్బు కూడబెట్టి మంచిదే కొనాలా? అన్నయ్య దగ్గర పీఎస్5 ఉంది, దాంట్లో కూడా పనిచేస్తే బాగుండు. అన్నట్టు, స్టిక్ వస్తే ముస్తఫా గేమ్ ఆడతానని నాన్న ఇప్పటినుంచే అడుగుతున్నారు.

సమాధానం:

ముందు పీఎస్5 సంగతి తేల్చేద్దాం. బడ్జెట్‌ను మింగేసేది అదే. పీసీకి ఏ కంట్రోలర్ పెట్టినా కాదనదు. సోనీ, మైక్రోసాఫ్ట్ కన్సోళ్లు అలా కాదు. పెట్టిన పరికరానికి తమ లైసెన్సు ఉందా లేదా అని ముందు తనిఖీ చేస్తాయి. ఆ తనిఖీలో నెగ్గని బోర్డు పీఎస్4లో ఎనిమిది నిమిషాలు పనిచేసి ఆగిపోతుంది. కేబుల్ పీకి మళ్లీ పెట్టాలి, అదీ మ్యాచ్ మధ్యలో. ఎక్స్‌బాక్స్‌లో 2023 నవంబరు నుంచి అనుమతి లేని కంట్రోలర్లకు దారే మూసేశారు. లైసెన్సు ఉన్న పీఎస్4 ఆర్కేడ్ స్టిక్‌లు పీఎస్5 గేముల్లోనూ పనిచేస్తాయని సోనీ 2020లో చెప్పింది కానీ, అలాంటివాటిలో చెప్పుకోదగ్గ హోరి ఫైటింగ్ స్టిక్ ఆల్ఫా ధర అమెరికాలోనే 200 డాలర్లు. పీసీ స్టిక్‌ను పీఎస్5కి ఒప్పించే బ్రూక్ వింగ్‌మ్యాన్ లాంటి కన్వర్టర్లు ఉన్నాయి. అది ఒక్కటి కొన్నా మీ ఆరు వేలలో సగానికి పైగా పోతుంది. అందుకని ఇప్పుడు పీసీకి సరిపడేది చూసుకోండి. కన్వర్టరు ఎప్పుడైనా చేర్చుకోవచ్చు, దానికోసం స్టిక్ మార్చనక్కర్లేదు.

ఇక స్టిక్. ఏ ఆర్కేడ్ స్టిక్ విప్పినా లోపల ఉండేవి మూడే: లీవరూ బటన్లూ, వాటిని కంప్యూటరుకు అర్థమయ్యేలా చెప్పే బోర్డు, ఇవన్నీ బిగించిన డబ్బా. కొత్తగా కొనేవాళ్ల చూపంతా లీవరు మీదే ఉంటుంది. లీవరు, బటన్లు ఎప్పుడంటే అప్పుడు మార్చుకునేవి. జపాన్ సాన్వా కంపెనీ జేఎల్‌ఎఫ్ లీవరు విదేశాల్లో 25 డాలర్ల చుట్టుపక్కల, ఓబీఎస్‌ఎఫ్-30 బటన్ ఒక్కోటి మూడు డాలర్ల చుట్టుపక్కల దొరుకుతాయి. వాటి కొలతలే ఇప్పుడు అందరికీ ప్రమాణం. తక్కువ డబ్బుతో కొనేటప్పుడు చూడాల్సింది రెండే. బటన్ రంధ్రాలు 30 మిల్లీమీటర్లవేనా, లీవరుకు ఐదు పిన్నుల కనెక్టరు ఉందా. ఈ రెండూ ఉంటే ఈరోజు నాసిరకం లీవరు ఉన్నా ఫరవాలేదు. లేకపోతే ఆ స్టిక్ ఎలా వచ్చిందో అలాగే ఉంటుంది.

ఈ లెక్కన రెడీమేడ్‌వి చూద్దాం. హోరి ఫైటింగ్ స్టిక్ మినీ చిన్నగా, ముద్దుగా ఉంటుంది, లైసెన్సు కూడా ఉంది. అయితే సాన్వా విడిభాగాలు అందులో నేరుగా కూర్చోవు. తేలిక కాబట్టి గట్టిగా ఆడితే టేబుల్ మీద జరుగుతుంది. చేతులు పెద్దవైతే మణికట్లకు చోటు చాలదు. పిల్లలకైతే సరే, మీకు వద్దు. మేఫ్లాష్ ఎఫ్300 విదేశాల్లో 60, 70 డాలర్ల మధ్య ఉంటుంది. దాంతో వచ్చే లీవరు, బటన్లు సాధారణమైనవే అయినా అడుగు ప్లేటు స్క్రూలు విప్పితే సాన్వావి పట్టేస్తాయి. పీఎస్4లో ఆడాలంటే అసలు ప్యాడ్‌ను దాని యూఎస్‌బీ పోర్టుకు తగిలించాలి, పీసీకి ఆ బాధ లేదు. 8బిట్‌డో ఆర్కేడ్ స్టిక్ 90 డాలర్లు. రెండు కిలోల దాకా బరువు, టేబుల్ మీద కదలదు. పీసీలో వైరుతోనూ వైరు లేకుండానూ ఆడొచ్చు, విడిభాగాలు మార్చడం చాలా తేలిక. ప్లేస్టేషన్‌కు మాత్రం పనికిరాదు. ఈ రెండూ ఇక్కడికి దిగుమతి చేసుకుంటే రవాణా, కస్టమ్స్ కలిసి ధర ఎక్కడికో పోతుంది. అమెరికా నుంచి ఎవరైనా బంధువులు వస్తుంటే మాత్రం ఎఫ్300 తెమ్మని అడగండి. మీ బడ్జెట్‌లో రెడీమేడ్‌గా దక్కగలిగేది అదే. 8బిట్‌డో తెమ్మంటే బడ్జెట్ కొంచెం దాటుతుంది, దానికి విలువ ఉంది.

పాత ఎక్స్‌బాక్స్ 360 కాలం నాటి స్టిక్ ఎవరి దగ్గరైనా దొరికితే వదలకండి. 2009లో స్ట్రీట్ ఫైటర్ 4తో పాటు వచ్చిన మ్యాడ్ కాట్జ్ టోర్నమెంట్ ఎడిషన్‌లో సాన్వా విడిభాగాలే ఉంటాయి, పీసీకి పెట్టగానే పనిచేస్తుంది. కంపెనీ 2017లో దివాలా తీసింది కాబట్టి వారంటీ ఆశ లేదు. కొనేముందు అడుగు ప్లేటు విప్పించి లీవరు మీద సాన్వా పేరు కళ్లారా చూడండి.

బంధువులూ లేరు, పాతదీ దొరకలేదు అనుకుందాం. అప్పుడు మీరు చూసిన కిట్టే సరైన దారి. ఒక్క మార్పు చాలు. అందులో వచ్చే ‘జీరో డిలే’ బోర్డు తీసి పక్కన పెట్టండి.

ఆ పేరును నమ్మకండి. స్ట్రీట్ ఫైటర్ 6 సెకనుకు 60 ఫ్రేములు నడుస్తుంది, అంటే ఒక్కో ఫ్రేము 16.67 మిల్లీసెకండ్లు. చవక బోర్డులు చాలావరకు కంప్యూటరుతో సెకనుకు 125 సార్లు, అంటే 8 మిల్లీసెకండ్లకోసారి మాట్లాడతాయి. దానికి బోర్డు తనలో తాను చేసుకునే ఆలస్యం తోడవుతుంది. ఒకసారి నొక్కింది ఈ ఫ్రేములో పడుతుంది, ఇంకోసారి తరవాతి ఫ్రేముకు జారుతుంది. ఎప్పుడూ ఒకే ఆలస్యం ఉంటే చెయ్యి అలవాటు పడుతుంది. ఇలా మారుతూ ఉంటే మాత్రం కాంబో (గొలుసుకట్టు దెబ్బలు) ఎందుకు తెగిందో మీకే అర్థం కాదు, తప్పు మీ వేళ్లదేనని ప్రాక్టీసు చేస్తూ కూర్చుంటారు. పైగా ఈ బోర్డు పాత డైరెక్ట్‌ఇన్‌పుట్ పద్ధతిలో కనబడుతుంది కాబట్టి చాలా కొత్త గేములు దాన్ని గుర్తించవు, పీసీ గేములు నడిపే స్టీమ్ యాప్‌లో కంట్రోలర్ సెట్టింగుల్లోకి వెళ్లి ఒక్కో బటన్ చూపించాలి. ముస్తఫాకు ఇదంతా పట్టింపు లేదు, ఉన్న బోర్డే చాలు. టెక్కెన్‌కు చాలదు.

దాని బదులు రాస్ప్‌బెర్రీ పై పికో వాడండి. 2021 జనవరిలో నాలుగు డాలర్లకు వచ్చిన బుల్లి బోర్డు ఇది. ఇక్కడ ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు అమ్మే సైట్లలో నాలుగైదు వందలకు దొరుకుతుంది. వైఫై ఉన్న రకం అక్కర్లేదు. సోల్డరింగ్ రాకపోతే హెడర్ పిన్నులు అతికించి వచ్చేది, దానికి స్క్రూలతో వైర్లు బిగించే అడాప్టరు బోర్డు కలిపి తీసుకోండి. ఊరికే తొడిగే జంపర్ వైర్లు ఆటలో కుదుపుకి ఊడిపోతాయి. అందులో వేసుకోవాల్సిన సాఫ్ట్‌వేర్ జీపీ2040-సీఈ, ఉచితం. సెకనుకు 1000 సార్లు కంప్యూటరుతో మాట్లాడుతుంది, ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌లాగే కనబడుతుంది, అందుకే గేములు మారు మాట్లాడకుండా తీసుకుంటాయి.

ఎక్కించడం ఐదు నిమిషాల పని. బోర్డు మీది బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకునే కేబుల్ పెట్టండి. కంప్యూటర్లో పెన్‌డ్రైవ్‌లాంటిది ఒకటి కనబడుతుంది. పికో కోసం ఇచ్చిన యూఎఫ్2 ఫైలును అందులో పడేస్తే డ్రైవ్ దానంతటదే మాయమవుతుంది, అంటే పని అయిపోయినట్టు. డ్రైవ్ అసలు కనబడలేదంటే బోర్డును అనుమానించకండి, కేబుల్ మార్చండి. మనిళ్లలో పడి ఉండే మైక్రో యూఎస్‌బీ కేబుళ్లలో చాలావాటికి ఛార్జింగ్ వైర్లే ఉంటాయి, డేటా వైర్లు ఉండవు.

వైరింగులో ఒక సూత్రం గుర్తుంచుకుంటే చాలు. ప్రతి స్విచ్‌కూ రెండు కాళ్లు, ఒకటి పికో మీది తన పిన్నుకు, రెండోది గ్రౌండుకు. మామూలు అమరికలో పైకి 2, కిందికి 3, కుడికి 4, ఎడమకు 5 నంబరు జీపీ పిన్నులు. స్ట్రీట్ ఫైటర్ ఆరు బటన్లకు పై వరుస (మూడు పంచ్‌లు) 10, 11, 12, కింది వరుస (మూడు కిక్‌లు) 6, 7, 8. నాలుగో నిలువు వరుస ఉంటే పైది 13, కిందిది 9. సెలెక్ట్ 16, స్టార్ట్ 17. పిన్నుల వరస నంబర్లు వేరు, జీపీ నంబర్లు వేరు. పటం ముందు పెట్టుకుని చూడండి, ఎక్కువ మంది తప్పేది ఇక్కడే. ఒకటి రెండు తారుమారైనా కంగారు పడక్కర్లేదు. స్టార్ట్ నొక్కి పట్టుకుని కేబుల్ పెట్టి, బ్రౌజర్లో 192.168.7.1 తెరిస్తే ఏ పిన్ను ఏ బటనో అక్కడే మార్చుకోవచ్చు.

గ్రౌండ్ వైరును బటన్ నుంచి బటన్‌కు గొలుసులా లాగొచ్చు. అయితే మధ్యలో ఒక్క టెర్మినల్ (బటన్ కాలికి తొడిగే వైరు చివర) వదులైందంటే దాని తరవాతి బటన్లన్నీ చచ్చుబడతాయి. ‘నాలుగు బటన్లు ఒకేసారి పోయాయి’ అంటే అందుకే. రెండు గొలుసులుగా విడదీసి చెరో గ్రౌండ్ పిన్నుకు ఇస్తే వెతకడం సులువు. ఇంకో మాట, టెర్మినల్ వెడల్పు. సాన్వా తరహా బటన్ల కాళ్లు 2.8 మిల్లీమీటర్లు, పెద్ద మైక్రోస్విచ్ ఉండే బటన్లవి 4.8. చిన్న కాలికి పెద్ద టెర్మినల్ తొడిగితే కూర్చున్నట్టే ఉంటుంది, గట్టిగా కొట్టినప్పుడు మాత్రం ఒక నొక్కు పోతుంది. మీ కిట్‌లో ఏ కొలత ఉందో స్కేలుతో చూసే వైర్లు కొనండి.

కిట్ బటన్లలో లైట్లు ఉంటే జాగ్రత్త. పికో పిన్నులు 3.3 వోల్టులవి. లైటుకు పోయే 5 వోల్టుల వైరు వాటికి తగిలితే ఆ పిన్ను, ఒక్కోసారి బోర్డే పోతుంది. స్విచ్ కాళ్లకు మాత్రమే కనెక్షన్ ఇచ్చి లైటు కాళ్లు ఖాళీగా వదిలేయండి. అసలు లైట్లు లేని బటన్ల కిట్ తీసుకోవడమే మేలు, ధర కూడా తక్కువ.

లీవరు ఐదు వైర్లలో నాలుగు దిక్కులు, ఒకటి గ్రౌండు. రంగులను బట్టి నమ్మడానికి లేదు. మల్టీమీటరును బీప్‌లో పెట్టి, ఒక పుల్ల ఒక పిన్ను మీద ఉంచి, లీవరును నాలుగు వైపులా నెడుతూ మిగతా నాలుగింటిని తాకి చూడండి. నాలుగింటితోనూ మోగేదే గ్రౌండు. లీవరు పైకి నెడితే లోపల నొక్కుకునేది కిందివైపు స్విచ్. మధ్యలో ఇరుసు ఉంది కాబట్టి అలా తిరగబడుతుంది. ఇది తెలియక కళ్లతో చూసి వైర్లు ఇచ్చినవాళ్లకు అన్ని దిక్కులూ తలకిందులవుతాయి.

డబ్బా దగ్గరే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 38 సెంటీమీటర్ల వెడల్పు, 24 లోతు, లోపల కనీసం 6 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే సరిపోతుంది. వడ్రంగి దగ్గరికి వెళ్లేముందే రెండు సంగతులు చూసుకోండి. మొదటిది బటన్ రకం. చెక్కకు నట్టుతో బిగించేవి కావాలి. పక్కన రెండు ప్లాస్టిక్ క్లిప్పులు ఉండేవి సన్నటి రేకుకో అక్రిలిక్‌కో పట్టుకుంటాయి, 12 మిల్లీమీటర్ల చెక్కలో నిలవవు. రెండోది డ్రిల్ బిట్. మన వడ్రంగుల దగ్గర ఎప్పుడూ ఉండే పెద్ద బిట్ అల్మారా తలుపుల ఆటో హింజులకు వాడే 35 మిల్లీమీటర్లది. ‘ఐదు మిల్లీమీటర్లేగా’ అని దాంతోనే కొట్టేస్తారు. 30 మిల్లీమీటర్ల బటన్‌కు పైనుండే అంచు 33 దగ్గరే ఉంటుంది, అంటే బటన్ సరాసరి డబ్బాలోకి జారిపోతుంది. 30 బిట్ మీరే కొని తీసుకెళ్లండి. లీవరు కడ్డీకి 24 మిల్లీమీటర్ల రంధ్రం చాలు, పైన నల్లటి వాషరు కప్పేస్తుంది.

బటన్ల అమరిక పటం ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. ప్రింటు తీసేటప్పుడు పేజీకి సరిపెట్టే ఆప్షన్ వదిలేసి 100 శాతం సైజు ఎంచుకోండి, కాగితం మీద వృత్తాన్ని స్కేలుతో కొలిచి 30 ఉందని రూఢి చేసుకున్నాకే చెక్కకు అంటించండి. లీవరును మందపాటి చెక్క కిందనుంచి అలాగే బిగిస్తే లీవరు పైనుండే బంతి బాగా కిందికి దిగిపోయి, వేళ్లు చెక్కకు తగులుతుంటాయి. లీవరు ప్లేటు కూర్చునే మేర అడుగువైపు నుంచి రౌటరుతో తొలిచి, చెక్క 4, 5 మిల్లీమీటర్ల మందం మిగిలేలా చేయించండి. కేబుల్ బయటికి వచ్చే చోట లోపలివైపు జిప్ టైతో బిగించాలి. పికో మీది మైక్రో యూఎస్‌బీ సాకెట్ ఒక్క గట్టి లాగుడికే ఊడివస్తుంది. అడుగున అల్మారా అరల్లో పరిచే రబ్బరు మ్యాట్ అంటిస్తే జారదు. ఇంకా తేలికగా అనిపిస్తే లోపల ఒక మూలన టైల్ ముక్క అతికించండి.

ఎన్ని బటన్లు? ముస్తఫాగా మనవాళ్లకు తెలిసిన క్యాప్‌కామ్ 1993 నాటి క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్‌కు రెండు చాలు. టెక్కెన్‌కు, కింగ్ ఆఫ్ ఫైటర్స్‌కు నాలుగు. స్ట్రీట్ ఫైటర్‌కు ఆరు. అయినా ఎనిమిది పెట్టండి. స్ట్రీట్ ఫైటర్ 6లో డ్రైవ్ ఇంపాక్ట్ అనే దెబ్బకు పెద్ద పంచ్, పెద్ద కిక్ కలిపి కొట్టాలి, దెబ్బను కాచుకునే డ్రైవ్ పారీకి మధ్యవి రెండూ. చివరి రెండు బటన్లకు వాటిని ఇచ్చేస్తే హడావుడిలో తప్పు పడదు. టెక్కెన్ 8లో హీట్‌కూ ఇదే ఉపాయం. స్టార్ట్, సెలెక్ట్ మాత్రం పైభాగాన కాదు, డబ్బా వెనక అంచున పెట్టండి. ఆట మధ్యలో చెయ్యి తగిలి పాజ్ పడితే పోటీల్లో ఆ రౌండు పోయినట్టే.

చెక్క కోయించకముందే ఒక పరీక్ష. కిట్ రాగానే లీవరూ రెండు బటన్లూ పికోకు తగిలించి, విండోస్ రన్‌లో జాయ్.సీపీఎల్ (joy.cpl) అని కొట్టి చూడండి. కిందినుంచి కుడికి మెల్లగా పావు చుట్టు తిప్పండి. కింద, మూల, కుడి, మూడూ వరసగా పడాలి. చవక లీవర్లలో మూల పట్టే చోటు ఇరుకు, కొన్నింట్లో ఒక వైపు మూల అసలు పడదు. ఇలా పావు చుట్టుతో విసిరే స్ట్రీట్ ఫైటర్ దెబ్బ హడోకెన్ కుడివైపు వచ్చి ఎడమవైపు రాకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. రెండు వైపులా నెమ్మదిగా, వేగంగా తిప్పి చూసి, తేడా ఉంటే రిటర్న్ గడువులోనే పంపేయండి.

లెక్క వేస్తే కిట్ రెండు, రెండున్నర వేలు, పికో దాని అడాప్టరు కలిపి ఏడెనిమిది వందలు, చెక్క, బిట్, కూలి వెయ్యి, వైర్లు, టెర్మినళ్లు మూడొందలు. ఆరు వేలలో ఇంకా పద్నాలుగు వందల నుంచి రెండు వేల దాకా మిగులుతుంది. దాన్ని ఖర్చు చేయకండి. రెండు మూడు నెలలు ఆడాక లీవరులో ఏం నచ్చట్లేదో మీకే తెలుస్తుంది, అప్పుడు దానికి పెట్టండి. స్ట్రీట్ ఫైటర్ ఎక్కువ ఆడితే సాన్వా జేఎల్‌ఎఫ్. కడ్డీ కదలికకు హద్దు వేసే దాని గేటు చతురస్రం, మూలలు వేలికి తెలుస్తాయి, కానీ కడ్డీని గోడకేసి ఈడుస్తూ తిప్పే అలవాటు చేసుకోకండి, నెమ్మదైపోతారు. టెక్కెనే లోకమైతే కొరియా తరహా లీవరు చూడండి. స్ప్రింగుకు బదులు రబ్బరు ఉండి, వదలగానే మధ్యకు చటుక్కున వస్తుంది. వెనక్కి, మధ్యకు, మళ్లీ వెనక్కి అంటూ సాగే బ్యాక్‌డ్యాష్‌కు (చటుక్కున వెనక్కి తగ్గడానికి) అది అనువు. రెండింటికీ బిగించే ప్లేట్లు వేరు, కొనేముందు రంధ్రాల దూరం కొలుచుకోండి.

లీవరు వద్దు, నాలుగు దిక్కులకూ బటన్లే చాలు అనుకుంటే చైనా నుంచి హాట్42 లాంటి లీవర్‌లెస్ పలకలు వస్తున్నాయి, లోపల ఇదే జీపీ2040-సీఈ. కీబోర్డు మీద ఆడి అలవాటున్నవాళ్లకు అది త్వరగా పట్టుబడుతుంది. నాన్న మాత్రం దాన్ని ముట్టుకోరు.

బటన్ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడటం మొదలైతే అది మైక్రోస్విచ్ అరిగిందన్న గుర్తు. బోర్డు మార్చక్కర్లేదు. పక్క బటన్ స్విచ్ తీసి అందులో వేసి చూడండి, బాగుపడితే కొత్త స్విచ్ ఒక్కటే కొంటే సరిపోతుంది. లీవరు కిర్రుమంటుంటే ఇరుసు దగ్గర ప్లాస్టిక్‌కు పడే సిలికాన్ గ్రీజు గోరంత రాయండి. కుట్టుమిషన్ నూనె వద్దు, అది స్విచ్‌లలోకి జారి దుమ్ము పట్టిస్తుంది.